తాంబూలంలో ఇచ్చిన మొక్క

పోయిన మార్చిలో ఒక ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. చిన్న మట్టి కప్పు, అందులో జానెడు మొక్క, ఆకుల అంచుల పొడవునా పూసలు గుచ్చినట్టు బుల్లి బుల్లి పిల్లమొక్కలు. ఫోటో కింద, "రణపాల. కిడ్నీలో రాళ్ళకి పరగడుపున రోజూ రెండాకులు నమిలితే చాలు. మా ఇంట్లో చాలా అయ్యాయి, కావలసినవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి" అని ఉంది. ఆ కప్పు మీద తెల్లరంగుతో వేసిన ముగ్గు నాది. అంతకు ఏడు నెలల ముందు, వరలక్ష్మీ వ్రతం నాడు పేరంటానికి వచ్చిన 21 మందికి తాంబూలంతో పాటు నేనే ఇచ్చిన కప్పుల్లో అదొకటి. కానీ అందులో ఉన్నది రణపాల కాదు.

నేను బి బ్లాక్‌కి పరుగెత్తేసరికి ఆ ఫోటో పెట్టినావిడ ఇడ్లీలు వేస్తోంది. కిడ్నీలో రాయి వాళ్ళ మామగారికి. డెబ్భై దాటిన మనిషి, ప్రకాశం జిల్లా నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్నారు. అప్పటికి రెండు రోజులుగా పొద్దున్నే రెండేసి ఆకులు నములుతున్నారట, కడుపులో తిప్పుతుంటే వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతున్నారట. ఇది వేరే మొక్కండీ, దీనిలో గుండె మీద పనిచేసే విషం ఉందండీ అని నేను అనగానే ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన మాత్రం నిదానంగా, "కాదమ్మా, రణపాలే. చిన్నప్పటి నుంచి ఎరిగిన ఆకే. పొద్దునపూట పుల్లగా ఉంటుంది, రుచి చూసుకునే తిన్నాను. అయినా నువ్వు తాంబూలంలో ఇచ్చిన మొక్క కదా" అన్నారు.

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి తీసుకెళ్ళి ఈసీజీ తీయించారు, రక్తపరీక్షలు చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి, ఆకు మానేశాక వికారం కూడా తగ్గింది. అయినా ఆయన అన్న రెండు మాటలు, ఒకటి పులుపు గురించి, ఒకటి తాంబూలం గురించి, నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అప్పటి నుంచి ఆలోచించి ఆలోచించి నేను ఒక అభిప్రాయానికి వచ్చాను. ఈ మొక్కని ఇంట్లో పెంచుకోవచ్చు, కానీ పంచకూడదు. మొక్కలు పంచుకోవడం మంచి పని అని నమ్మే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ఈ మాట అనడానికి నాకు చాలా కష్టమైంది.

బాల్కనీలో ఆరేళ్ళు

ఆరేళ్ళ కిందట ఆగస్టు 15 ఫ్లవర్ షో చూసి, బెంగళూరు లాల్‌బాగ్ తోట నుంచి బయటికొచ్చి, సిద్దాపుర నర్సరీల్లో తిరుగుతుంటే ఇది కనపడింది. నర్సరీ అబ్బాయి "మదర్ ఆఫ్ థౌజండ్స్ మేడమ్, నీళ్ళు పోయకపోయినా బతుకుతుంది" అన్నాడు. శాస్త్రీయ నామం కలంచో డైగ్రెమోంటియానా, సొంత ఊరు మడగాస్కర్. ఇల్లు చేరాక మా అబ్బాయి భూతద్దం పెట్టి చూసి, "అమ్మా, గాల్లోనే వేర్లు వచ్చేశాయి" అని అరిచాడు. నిజంగానే ఆకు అంచున ఉన్న ప్రతి పంటి దగ్గరా ఒక పిల్లమొక్క, దానికి రెండేసి ఆకులు, కింద వెంట్రుకంత వేర్లు. ఇంకా నేల తగల్లేదు, వేర్లు మాత్రం సిద్ధం.

మనందరం బళ్ళో "ఆకు ద్వారా శాఖీయ వ్యాప్తికి ఉదాహరణ: రణపాల" అని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే, ఆకు తెచ్చి పుస్తకంలో పెట్టుకుని మొలక కోసం ఎదురుచూసినవాళ్ళమే. రణపాల ఆకు మామూలుగా తల్లి నుంచి విడిపోయాక పిల్లల్ని పెడుతుంది. ఇది మొక్క మీద ఉండగానే, ఆకు పచ్చగా ఉండగానే పెట్టేస్తుంది. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2007లో దీని లోగుట్టు చూశారు. గింజలో పిండం తయారవడానికి పనికొచ్చే ఒక జన్యువు ఈ మొక్కలో సగంలో తెగిపోయి ఉంది, దాంతో గింజల దారి మూసుకుపోయింది. ఆ పిండం తయారుచేసే పనినే ఆకు అంచులకి మార్చుకుంది. కాబట్టి పుట్టే ప్రతి పిల్లా తల్లికి అచ్చు నకలు. నేను పంచిన 21 కప్పుల్లో ఉన్నది 21 మొక్కలు కాదు, ఒకే మొక్క.

పెంచడం ఏమీ కష్టం కాదు. మాది తూర్పు వైపు బాల్కనీ, నాలుగు గంటల పొద్దుటి ఎండ పడుతుంది, అది సరిపోతుంది. ఎండ తక్కువైతే కాండం సన్నగా సాగిపోయి పక్కకి వాలిపోతుంది, ఎండ బాగా తగిలితే ఆకు అంచులు ఊదారంగుకి తిరుగుతాయి. ఎర్రమట్టి ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు, కొంచెం కోకోపీట్, అడుగున చిల్లు ఉన్న మట్టికుండీ. మామూలు రోజుల్లో వారానికోసారి నీళ్ళు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా మట్టి పూర్తిగా ఎండితేనే. బెంగళూరు చలికి దీనికేమీ కాదు, వానల్లో వేరు కుళ్ళడమే అసలు భయం. ఆకుల సందుల్లో దూదిలా పిండినల్లి పడితే వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి కొడతాను. 2024 ఎండాకాలంలో మాకు ట్యాంకర్లు కూడా సరిగా రాక గులాబీలు, మల్లె ఎండిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇది మాత్రం నిగనిగలాడుతూ నిలబడింది. ఆ రోజుల్లో పొద్దున్నే బాల్కనీలోకి వెళ్తే పచ్చగా కనపడింది ఇదొక్కటే, దాన్ని అంత తొందరగా మర్చిపోలేను.

కష్టమల్లా ఆపడం దగ్గరే ఉంది. ఎవరూ చెప్పని సగం అది. పిల్లలు రాలిన ప్రతిచోటా నాటుకున్నాయి. కరివేపాకు కుండీలో, తులసికోటలో, టైల్స్ సందుల్లో, ఏసీ నీళ్ళు కారే చోట, చివరికి కింది ఫ్లోర్ వాళ్ళ సజ్జా మీద. మొదట్లో అది చూసి మురిసిపోయాను. పారేయడానికి చేతులు రాలేదు. అలా పారేయలేక పంచడం మొదలుపెట్టాను. పంచడం వెనక నా దాతృత్వం కన్నా ఇంట్లో చోటు లేకపోవడమే ఎక్కువ అని ఇప్పుడు ఒప్పుకోవాలి.

పులుపు సంగతి

ఆ పెద్దాయన రుచి చూసి తిన్నానని అన్నప్పుడు నాకు వెంటనే మా ఊరు గుర్తొచ్చింది. మాది సామర్లకోట. కంపెనీ కాలంలో మా ఊళ్ళో ఒక వృక్షశాస్త్ర తోట ఉండేది. అందులో పనిచేసిన రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1793లో కలకత్తా తోటకి వెళ్ళిపోతే ఆయన స్థానంలోకి బెంజమిన్ హైన్ అనే ఆయన వచ్చాడు. టిప్పు పోయాక ఇదే హైన్ బెంగళూరు వచ్చి కొంతకాలం లాల్‌బాగ్ చూసుకున్నాడు. సామర్లకోట నుంచి బెంగళూరు వచ్చిన మొక్కల పిచ్చివాడు అని ఆయన మీద నాకు సొంత మనిషి మీద ఉన్నంత అభిమానం.

హైన్ 1813లో లండన్‌లోని ఒక మిత్రుడికి రణపాల ఆకు గురించి ఉత్తరం రాశాడు, అది 1815లో లిన్నియన్ సొసైటీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘం సంపుటంలో అచ్చయింది. పొద్దున నమిలితే ఆకు చుక్కకూరంత పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి రుచే ఉండదు, సాయంత్రానికి కాస్త చేదెక్కుతుంది అని అందులోని సారాంశం. ఎందుకలా అన్నది తెలియడానికి చాలాకాలం పట్టింది. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. ఎండ దేశాల మొక్కలు కొన్ని నీళ్ళు ఆవిరైపోకుండా పగలు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తాయి, రాత్రి పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ని పుల్లటి మాలిక్ ఆమ్లంగా దాచిపెట్టుకుని తెల్లవారాక ఎండలో దాన్ని వాడుకుంటాయి. అందుకే పొద్దున పులుపు, మధ్యాహ్నం చప్పన.

అంటే ఆ పెద్దాయన చేసిన పరీక్షలో తప్పేమీ లేదు. 200 ఏళ్ళ కిందట హైన్ రాసిందీ, ప్రకాశం జిల్లా పల్లెలో ఆయన పిల్లప్పుడు నేర్చుకున్నదీ ఒకటే. కాకపోతే ఈ రాత్రి పని రణపాల ఒక్కటే చేయదు. నా మొక్క కూడా చేస్తుంది, ఎందుకంటే రెండూ ఒకే కుటుంబం. కాబట్టి ఇదీ పొద్దున పుల్లగానే ఉంటుంది. తరాలుగా నిలిచిన గురుతు ఒకటి ఈ కొత్త మొక్క దగ్గర పనికిరాకుండా పోయింది, అలా పోయిందని ఆయనకి తెలిసే దారే లేదు. చదువుకోనివాళ్ళు ఏది పడితే అది తింటారని గ్రూపులో ఎవరో రాస్తే నాకు చాలా కోపం వచ్చింది. ఆయనకి తెలిసింది సరైనదే. చెప్పాల్సిన మాట చెప్పనిది నేను.

ఆకులు చూస్తే తేడా తెలుస్తుంది. రణపాల ఆకు దళసరిగా, గుండ్రంగా, అంచులు మెట్టుమెట్టుగా ఉంటాయి. ముదిరిన మొక్కలో ఒకే కాడకి మూడు నుంచి ఐదు చిన్నాకులుగా కూడా చీలుతుంది. దీని ఆకు పొడుగ్గా, కొసదేరి, రంపం పళ్ళలాంటి అంచుతో ఉంటుంది, తిరగేసి చూస్తే వెనక ఊదారంగు మచ్చలు ఉంటాయి. ఆకు మొక్క మీద పచ్చగా ఉండగానే అంచు నిండా పిల్లలుంటే ఇక నోట్లో పెట్టుకోకండి. ఇంకో మాట, గుండె మీద పనిచేసే ఈ తరహా పదార్థాలు రణపాలలోనూ ఉన్నాయి, కాబట్టి అసలు రణపాలే దొరికినా డాక్టర్‌ని అడక్కుండా రోజూ నమలడం నాకు ఇష్టం లేదు.

గన్నేరు మాట

ఇదంతా అమ్మకి ఫోన్‌లో చెప్పి, ఇక మొక్క ఎవరికీ ఇవ్వను అంటే అమ్మ నొచ్చుకుంది. "మొక్క అడిగితే లేదనకూడదే. గన్నేరు విషం కాదా? వాకిట్లో పెంచుకోవట్లేదా, పూలు కోసి దేవుడికి పెట్టట్లేదా?" అంది. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. నా బాల్కనీలో ఉన్న కరివేపాకు మొక్క కూడా అమ్మ తడిగుడ్డ చుట్టి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో తెలిసినవాళ్ళతో పంపిందే. కనకాంబరాలు, చామంతులు, మరువం, ఇవన్నీ మా వీధిలో గోడల మీదుగా చేతులు మారి పెరిగినవే, నర్సరీలో కొన్నది ఒక్కటి లేదు. ఆ అలవాటు పోగొట్టుకునే మాట నేను మాట్లాడుతున్నానేమో అని భయం వేసింది.

కానీ అమ్మ అడిగిన ప్రశ్నలోనే జవాబు ఉందని తర్వాత తట్టింది. గన్నేరు విషం, నా మొక్క విషం చివరికి పనిచేసేది ఒకే చోట, గుండె కణాల్లో ఉప్పుని అటూ ఇటూ తోడే పంపు మీద. వినాయక చవితికి తెచ్చే 21 పత్రిలో కరవీరం అంటే గన్నేరు, దత్తూరం అంటే ఉమ్మెత్త. రెండూ విషాలే, రెండూ పూజలో ఉన్నాయి. అయినా పూజ అయ్యాక వాటిని పచ్చడి చేసుకుందామని ఎవరూ అనుకోరు. మాటలు వచ్చే వయసుకే "గన్నేరు కాయ ముట్టుకోకు" అని మనకి చెప్పి పెంచారు. మొక్క ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళినప్పుడు ఆ హెచ్చరిక కూడా వెంట వెళ్ళింది, వందల ఏళ్ళుగా వెళ్తోంది.

నా మొక్కకి అలాంటి కథ తెలుగులో లేదు. అది అందంగా వచ్చింది, పేరు లేకుండా వచ్చింది. పేరు లేని మొక్కకి జనం తమకు తెలిసిన పేరు పెట్టుకుంటారు, అది సహజం. రణపాల పేరు పెట్టగానే రణపాల గౌరవం, రణపాల వైద్యం కూడా దీనికి అంటుకున్నాయి. దానికి తోడు తాంబూలం. పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క పక్కన పెట్టి ఇచ్చినదాంట్లో చెడు ఉంటుందని ఎవరు అనుకుంటారు? నేను ప్రతి కప్పుకీ ఒక చీటీ కట్టి ఉంటే సరిపోయేది కదా అని కొన్నాళ్ళు అనుకున్నాను. సరిపోదు. చీటీ మొదటి ఇంటి దాకా వెళ్తుంది. ఈ మొక్క ఒక ఎండాకాలంలో పదిళ్ళు దాటుతుంది. రెండో ఇంటికి వెళ్ళేది ఆకు అంచున రాలిన పిల్ల, దానికి చీటీ ఉండదు.

పరాయి దేశపు మొక్క కాబట్టి వద్దంటున్నానని కొందరు అనుకున్నారు. అది కాదు. మిరపకాయ, టమాటా ఎక్కడి నుంచి వచ్చాయో మనకి తెలుసు, వృక్షశాస్త్రజ్ఞులు చెప్పేదాని ప్రకారం రణపాల సొంత ఊరు కూడా మడగాస్కరే. అది మన దగ్గర పాతుకుపోయి, గడ్డలకి, పుండ్లకి ఆకు వెచ్చచేసి కట్టే వైద్యమై, తెలుగు పేరు తెచ్చుకుంది. ఎన్నో చేతులు దాన్ని పరీక్షిస్తే వచ్చిన పేరు అది. కొత్త మొక్కకి ఆ పేరు ఊరికే తగిలించకూడదు.

ఖాళీ సైటు

ఇచ్చిన కప్పులన్నీ వెనక్కి తెచ్చుకోవాలని పట్టుపట్టి పేరంటం లిస్టు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. సి బ్లాక్‌లో ఒకమ్మాయి, "అది బాగా పెరిగిపోతే పక్క సైటులో పారేశాను అక్కా" అంది. మా కాంపౌండ్ గోడ అవతల ఒక ఖాళీ సైటు ఉంది, బెంగళూరులో ఏ వీధిలోనైనా ఉండేదే. చెత్త, కంకర, వయ్యారిభామ. సాయంత్రం మా అబ్బాయిని తీసుకుని వెళ్ళి చూస్తే కంకర గుట్ట నీడ పక్కన మోకాలెత్తు మొక్కలు పదకొండు, వాటి చుట్టూ గోరంత పిల్లలు లెక్కలేనన్ని. వాటికి ఇరవై అడుగుల దూరంలో రెండు ఆవులు మేస్తున్నాయి. వీధి చివర పాలు పోసేవాళ్ళ ఆవులు అవి.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లోని మోరీ ప్రాంతంలో 1997లో ఈ కుటుంబపు మొక్క తిని 125 పశువులు చచ్చిపోయాయి. అక్కడ పెరిగింది నా మొక్కకి దగ్గరి చుట్టం, మదర్ ఆఫ్ మిలియన్స్ అంటారు. ఆ చుట్టానికీ నా మొక్కకీ అమెరికాలో 1930ల్లో కలిపి పుట్టించిన సంకరం కూడా తోటల నుంచి బయటపడి ఎన్నో దేశాల్లో పాకింది. ఆస్ట్రేలియాలోనే క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 2014 చట్టం ప్రకారం మదర్ ఆఫ్ మిలియన్స్‌ని అమ్మడమే కాదు, ఊరికే ఇవ్వడం కూడా నేరం. ఊరికే ఇవ్వడం అన్న ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఈ మొక్క రేపు బెంగళూరుని కమ్మేస్తుందని నేను అనడం లేదు. కానీ గుర్రపుడెక్కని పూల అందం చూసే పెంచారు, లాంటానాని కూడా. ఇవాళ ఒకటి బెళ్ళందూరు చెరువులో ఉంది, ఒకటి బందీపూర్ అడవిలో ఉంది. అప్పుడు వాటిని మొదట ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు కూడా నాలాగే మొక్కలంటే ప్రాణం పెట్టినవాళ్ళే అయి ఉంటారు.

ఆ సాయంత్రం చీకటి పడేదాకా పీకాం. మర్నాడు మళ్ళీ వెళ్ళాం. పీకినవి తడి చెత్తలో వేయకూడదు, కంపోస్టులో సుఖంగా బతికేస్తాయి. నల్ల కవర్లో మూటకట్టి టెర్రస్ మీద ఎండలో మూడు వారాలు పెట్టి, ఆకులు నల్లబడి మెత్తగా అయిపోయాకే పారేశాను. మొదటి వారం చివర మూట విప్పి చూస్తే రాలిన ఆకుల మీద కొత్త వేర్లు. చూసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత బతకాలని చూస్తున్నదాన్ని చంపడం నాకు చేతకాని పని, అయినా చేశాను.

లెక్క

21 కప్పుల్లో 12 వెనక్కి వచ్చాయి. నాలుగు ఎప్పుడో చచ్చిపోయాయి. ఇద్దరు విషయం అంతా విని, మేం జాగ్రత్తగా పెంచుకుంటాం అని ఉంచుకున్నారు, వాళ్ళ కుండీల మీద పేరు, "తినకూడదు" అన్న మాట పెయింట్‌తో రాసిచ్చాను. ఒకటి సైటులోది. ఒకటి హోసూరు వెళ్ళింది, ఫోన్ చేస్తే పీకేసి ఫోటో పంపించారు. నా దగ్గర ఒకటే ఉంది, కింద వెడల్పాటి ట్రే పెట్టి, వారానికోసారి అంచుల్లోని పిల్లల్ని రాలకముందే గిల్లి డబ్బాలో వేస్తున్నాను. చలికాలంలో గంటల్లాంటి పూలు పూస్తుంది, పూసిన కొమ్మ తర్వాత ఎండిపోతుంది. అప్పుడు ఒక్క పిల్లని మాత్రం నాటుకుంటాను.

చివరి కప్పు అనంతపురం వెళ్ళింది. తీసుకున్నావిడ చెల్లెలు అక్కడ ఒక స్కూల్లో సైన్స్ చెప్తుంది. పాఠానికి బాగుంటుందని కిటికీలో పెట్టి, పిల్లలకి రణపాల అని చూపిస్తోందట. నంబర్ తీసుకుని మాట్లాడాను. ఆవిడ మొదట నమ్మలేదు, పుస్తకంలో ఉన్నదే కదండీ, ఆకు మీద పిల్లలు కనపడుతున్నాయి కదా అంది. నేను వాదించకుండా అమ్మకి చెప్పి, మా పెరట్లోని అసలు రణపాల ఆకులు రెండు పాత క్యాలెండర్ కాగితంలో చుట్టించి ఆవిడకి కొరియర్ చేయించాను. పది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. "వచ్చేసరికే ఒక ఆకు అంచున వేర్లు మొలిచాయండీ. రెండిటినీ పక్కపక్కన పెట్టి పిల్లలకి చూపించాను, తేడాలు వాళ్ళే బోర్డు మీద రాశారు. ఇప్పుడు ఆ పాతదాన్ని ఏం చేయమంటారు?" అని అడిగింది.

నల్ల కవరు, ఎండ, మూడు వారాలు అని చెప్పాను. మధ్యలో ఒకసారి విప్పి చూడమని కూడా చెప్పాను, పిల్లల్ని దగ్గర పెట్టుకుని.